ఆభరణము: వెలయు విలువయు
కొరాపుట్, రాయగడ సీమల చరిత్రనుండి ఒక పరిశీలనము

ఆభరణమునకు రెండు మూల్యములు కలవు. అంగడిలో చెల్లించునది వెల. ఇంటిలోను, సంఘములోను, ఆపత్కాలమునందును తెలియవచ్చునది విలువ. ఈ రెండును సమానముగ నున్నచో వివాదము లేదు. వెల మిక్కిలి హెచ్చి విలువ దానిని అనుసరింపలేనపుడే, అధికధనము వెచ్చించి విలాసాభరణములు కొనుట తగునా యను ప్రశ్న పుట్టును. ఈ ప్రశ్నకు నీతిబోధతో సమాధానము చెప్పుట సులభము. భూషణములు నశించుననియు, వాక్కే నశింపని భూషణమనియు భర్తృహరి నీతిశతకమున చెప్పెను. దానిని ఏనుగు లక్ష్మణకవి తెనిగించెను. అయినను ఆ శతకమును కంఠస్థము చేసిన యిండ్లలోనే కాసులపేరులును, కంటెలును తరతరములుగ నిలిచియున్నవి. కావున నీతికంటె చరిత్రను విచారించుట యుచితము. అందుకు కొరాపుట్, రాయగడ సీమలు మిక్కిలి అనువైనవి. ఇత్తడిని బంగారమువలె ధరించు కొండజాతులును, బంగారమును బ్యాంకువలె దాచుకొను తెలుగు గృహస్థులును, సిరిని విద్యకు ధారవోసిన రాజును ఒకే నేలపై కనుపించుచున్నారు.

సీమ పూర్వచరిత్ర

నేటి కొరాపుట్, రాయగడ జిల్లాలలో అధికభాగము పూర్వము జయపుర సంస్థానములోనిది. ఆ సంస్థానపు తొలి రాజధాని నందపురము. 17వ శతాబ్దిలో అది జయపురమునకు మారినది. 1794లో పద్మనాభయుద్ధమున విజయనగర ప్రభువు చిన విజయరామరాజు నిహతుడైన పిమ్మట జయపుర ప్రభువులు కుంపిణీవారికి నేరుగ పేష్కషు చెల్లించు జమీందారులైరి. విశాఖపట్టణము జిల్లాలో ఏజెన్సీ భాగముగ నుండిన ఈ సీమ 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినపుడు అందు చేరి కొరాపుట్ జిల్లా యయ్యెను. 1992 అక్టోబరు 2వ తేదీన ఆ జిల్లా కొరాపుట్, రాయగడ, నవరంగపురము, మల్కనగిరి యను నాలుగు జిల్లాలుగ విభక్తమైనది.

సరిహద్దు మారినను రాకపోకలు మారలేదు. సాలూరు కనుమ మీదుగ ఉప్పు, బట్టలు, పూసలు, ఇత్తడి సామాను కొండలమీదికి ఎక్కెడివి. ధాన్యము, చింతపండు, పసుపు, అడవిసరకులు దిగెడివి. విజయనగరమునుండి పార్వతీపురము, రాయగడల మీదుగ రాయపురమునకు పోవు రైలుమార్గము 1931లో పూర్తియైన పిదప నాగావళీతీరమున నున్న రాయగడ పెద్ద వర్తకస్థానమైనది. వర్తకులతోపాటు కంసాలులును వచ్చిరి. గీటురాయి, త్రాసు, మూసలతో కూడిన వారి కొలుములు గుణుపురము, రాయగడ, జయపురము, కొరాపుట్ పట్టణములలో తెలుగు పెండ్లిండ్లకు సొమ్ములు సమకూర్చినవి.

కొండజాతుల సొమ్ములు

ఈ సీమలోని ఆభరణములనుగూర్చి తొలుదొల్త విపులముగ వ్రాసినవారు ఆంగ్లాధికారులు. 1907లో వెలువడిన ఫ్రాన్సిస్ గారి విశాఖపట్టణ గెజిటీరునందును, 1909లో ప్రకటితమైన థర్‌స్టన్ గారి దక్షిణభారత కులజాతుల గ్రంథమునందును గదబస్త్రీల ఇత్తడి కుండలములు వర్ణితములైనవి. పొడవైన ఇత్తడితీగను చుట్లుచుట్లుగ మలచి చేసిన ఆ కుండలములు భుజములను తాకుచు వ్రేలాడును. 1950లో ప్రకటితమైన వెరియర్ ఎల్విన్ గారి గ్రంథము బొండాజాతిని లోకమునకు పరిచయము చేసెను. బొండాస్త్రీలు మెడనిండ లోహవలయములను, వక్షమును కప్పునంతగ పూసలదండలను ధరింతురు. వనవాసమున స్నానమాడుచున్న సీతాదేవిని చూచి నవ్వినందున ఆమె శాపముచే తమకు నిండువస్త్రము లేకపోయెనని వారి ఐతిహ్యము. వస్త్రము తీర్పలేని మర్యాదను ఆభరణము తీర్చుచున్నదని యీ కథకు అర్థము. అక్కడ పూసలదండ విలాసవస్తువు కాదు, కట్టుబట్ట వంటిది.

రాయగడ జిల్లాలోని నియమగిరిపై నివసించు డొంగరియా కొంధుల సొమ్ములు మరియొక తీరువి. ముక్కునకు పెక్కు ముక్కెరలు, చెవి అంచునిండ చిన్న పోగులు, కొప్పునిండ పిన్నులు, మెడకు వలయములు కానవచ్చును. వీనిలో అధికము ఇత్తడివి, అల్యూమినియమువి. చాటికోన బుధవారపు సంతలోను, ఒనుకుడెల్లి గురువారపు సంతలోను ఇట్టివి చూడనగును. బంగారమునకు అలవాటుపడిన కన్నులు వీనిని చౌకసామాను అనుకొనుట కలదు. కాని ఫలానా జాతి స్త్రీ యని దూరమునుండియే తెలుపు గుర్తు అదియే.

అల్యూమినియపు చరిత్ర ఇచ్చట జ్ఞాపకముంచుకొనదగినది. 19వ శతాబ్ది మధ్యకాలమున ఆ లోహమును ముడిఖనిజమునుండి వేరుచేయుట అతికష్టము. అందుచే ఐరోపాలో దానిని అమూల్యలోహములలో నొకటిగ ఎంచిరి. 1884లో వాషింగ్టన్ స్మారకస్తంభపు శిఖరాగ్రమున పొదుగుటకు అల్యూమినియమునే ఎన్నుకొనిరి. 1886లో విద్యుత్తుతో దానిని తీయు విధానము కనుగొనబడిన తరువాత కొలదికాలములోనే అది వంటపాత్రల లోహమైనది. లోహము మారలేదు, మెరుపు మారలేదు. దుర్లభత్వము మాత్రము పోయినది. వెల అనునది ఎంత చంచలమో ఇంతకుమించిన దృష్టాంతము అరుదు.

ఆ లోహపు ముడిఖనిజమైన బాక్సైటు కొరాపుట్, రాయగడ కొండలలోనే విస్తారముగ నున్నది. కొరాపుట్ జిల్లాలోని పంచపట్మాలి కొండపై తీసిన బాక్సైటు దామన్‌జోడి కర్మాగారమునకు పోవుచున్నది. నియమగిరి గనివిషయమై 2013 ఏప్రిల్ 18వ తేదీన సుప్రీంకోర్టు గ్రామసభల అభిప్రాయమును కోరగా, విచారింపబడిన 12 గ్రామసభలును గనిని నిరాకరించినవి. అల్యూమినియపు వలయమును మెడకు ధరించు స్త్రీలు ఆ లోహపు కొండను అమ్ముటకు ఒప్పుకొనలేదు. ఏది కొనదగినది, ఏది అమ్మరానిది యను విచక్షణ వారికి కలదని దీనివలన విదితమగుచున్నది.

అయితే కొండజాతుల సొమ్ములన్నియు నిరపాయములని చెప్పుటకు వీలులేదు. వివాహమున చెల్లింపవలసిన ఓలి, సొమ్ములు, విందు, వీనికై షావుకారులయొద్ద అప్పుచేసి, ఆ యప్పు తీరువరకు ఊడిగము చేయు 'గోతి' పద్ధతి ఈ సీమలో చిరకాలముండెను. 1917 నాటి మదరాసు ఏజెన్సీ చట్టము కొండజాతివారి అప్పుపై వడ్డీని ఏటికి నూటికి 24 రూపాయలకు మించకూడదని కట్టడి చేసెను, చక్రవడ్డీని నిషేధించెను. ఆ 24 రూపాయల వడ్డీతోనైనను నాలుగేండ్ల రెండునెలలలో వడ్డీయే అసలుతో సమానమగును. 1948లో ఒరిస్సా ప్రభుత్వము ఋణదాస్యమును రద్దుచేయు నిబంధన తెచ్చెను. 1976లో దేశమంతటికిని వెట్టిచాకిరీ నిర్మూలన చట్టము వచ్చినది. ఒక పెండ్లి ముచ్చటకై మనుష్యుని యేండ్లు తాకట్టుపడిన ఈ చరిత్ర మన ప్రశ్నకు మొదటి సమాధానము. అప్పుతో కొనిన సొమ్ము, అది ఇత్తడిదైనను, వెలలేనంత ఖరీదైనది.

తెలుగు గృహముల బంగారము

ఈ సీమలోని తెలుగు కుటుంబములలో బంగారు సొమ్ములకు స్త్రీధనమను గౌరవము కలదు. మితాక్షర మొదలగు ధర్మశాస్త్రగ్రంథములు స్త్రీధనమును విపులముగ విచారించినవి. స్త్రీకి భూమిపై పూర్ణస్వామ్యము లేని కాలమున ఆమె తనదని చెప్పుకొనదగిన ఆస్తి మెడలోను, చేతులలోను ఉండెడిది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము స్త్రీకి ఆస్తిలో పూర్ణహక్కు నిచ్చెను. 1985లో ప్రతిభారాణి వ్యాజ్యమున సుప్రీంకోర్టు స్త్రీధనము సంపూర్ణముగ స్త్రీదేయనియు, అది అత్తవారియింట నున్నంతమాత్రమున భర్తకు ఉమ్మడి హక్కు రాదనియు తీర్పుచెప్పెను. కావున నగను కేవలము విలాసమని త్రోసివేయువారు, అది పెక్కుతరముల స్త్రీలకు ఏకైక భద్రతయై యుండెనని మరువరాదు.

ఆ భద్రత ఎట్టి నగకు ఎంత కలదన్నది వేరు విషయము. కాసులపేరును గ్రహింతము. ఇంగ్లీషు సవరను 7.988 గ్రాముల తూకము కలది. అందులో మేలిమి 7.322 గ్రాములు. సవరనులనే గ్రుచ్చిన పేరులో ప్రతి కాసు యొక్క తూకమును, వన్నెయు టంకశాల నిర్ణయించినవి. అవసరమున ఒక కాసు విప్పి అమ్ముకొనవచ్చును, తక్కినది చెడదు. నానుతాడు, గాజులు, కడియములు మొదలగు గట్టినగలును ఇంచుమించు ఇట్టివే. దీనికి భిన్నముగ, లోపల లక్కపోసి పైన బంగారురేకు తొడిగిన నాగరములు, జడబిళ్ళలు, రాళ్ళు పొదిగిన పతకములు చూపునకు ఘనములు. మూసలో కరగించినపుడు మాత్రము బంగారము తక్కువ, మసి యెక్కువ. ముందుచూపుగల గృహిణులు కూతునకు గట్టినగ నిచ్చి, రాళ్ళనగను పేరంటమునకు మాత్రము వాడుట ఈ యెరుకవలననే.

రెండు పరీక్షాకాలములు

బంగారపు విలువను చరిత్ర రెండుమారులు గట్టిగ పరీక్షించినది. మొదటిది 1931. ప్రపంచమంతటను ఆర్థికమాంద్యము వ్యాపించి ధాన్యపు ధరలు పడిపోయినవి. శిస్తు, వడ్డీలు మాత్రము తగ్గలేదు. ఆ సంవత్సరము సెప్టెంబరులో ఇంగ్లాండు సువర్ణప్రమాణమును విడనాడెను. పౌనుతో ముడివడిన రూపాయలలో బంగారపు ధర పెరిగెను. దేశమందలి పల్లెపల్లెనుండి నగలు కంసాలి మూసలకును, అచ్చటినుండి బొంబాయి రేవునకును, ఆపై విదేశములకును ప్రవహించినవి. ఆపద్బంగారమని పేరువడిన ఆ బంగారమే లెక్కలేనన్ని కుటుంబముల భూములను వేలమునుండి కాపాడినది. నగ తన పని తాను చేసెను. కాని ఆనాడు అమ్ముడుపోయినది తూకమే. పనితనమునకు ఎవరును రూపాయి ఇచ్చియుండలేదు.

రెండవది 1963. చైనా యుద్ధానంతరము విదేశమారక ద్రవ్యమునకై మొరార్జీదేశాయి గారు ఆ సంవత్సరము జనవరిలో బంగారు నియంత్రణ నిబంధనలు తెచ్చిరి. 14 కారట్లకు మించిన వన్నెతో నగలు చేయరాదని శాసించిరి. కంసాలుల కొలుములు చల్లారినవి. దేశమున పెక్కు స్వర్ణకార కుటుంబములు జీవనము కోల్పోయి కడగండ్లపాలైనవి. 14 కారట్ల నగను ప్రజలు మెచ్చలేదు. 1966లో ఆ నిషేధము తొలగెను. 1968లో బంగారు నియంత్రణ చట్టము వచ్చి 1990లో రద్దయ్యెను. ప్రజలు నగలో కోరునది మెరుపు మాత్రమే యైనచో 14 కారట్లతో తృప్తిచెందియుందురు. వారు కోరినది మరల అమ్ముకొనదగిన వన్నె యని ఈ ఘట్టము రుజువు చేసినది.

సంస్థానముల రత్నములు, జయపురపు దానము

విలాసాభరణముల పరాకాష్ఠకు హైదరాబాదు నిజాముల రత్నభాండారము ఉదాహరణము. ఆరవ నిజాము మహబూబ్ ఆలీఖాను 1891లో జేకబ్ అను వర్తకునితో ఒక వజ్రమునకై 46 లక్షలకు బేరమాడి 23 లక్షలు ముందుగ చెల్లించెను. ఆపై బేరము వ్యాజ్యమునకు ఎక్కెను. 184.75 కారట్ల ఆ వజ్రమును ఏడవ నిజాము కాగితములు ఎగిరిపోకుండ బరువుగ నుంచుకొనెనని ప్రసిద్ధి. 1995లో భారతప్రభుత్వము ఆ వజ్రముతోకూడ 173 నగలను సుమారు 218 కోట్ల రూపాయలకు కొనెను. అంతర్జాతీయ విపణిలో వాని వెల ఎన్నో రెట్లని నిపుణులు చెప్పిరి. చక్రవర్తులకైనను మహారత్నమును కొనుట సులభము, అమ్ముట దుర్ఘటము. కొనగలవారు కొలదిమంది యగుటచే ధరను నిర్ణయించునది రత్నము కాదు, కొనువాని ఇచ్ఛ.

ఇదే తరమున జయపుర సంస్థానము వేరొక త్రోవ త్రొక్కెను. 1869లో జన్మించి, 1931లో సింహాసన మధిష్ఠించి, 1951లో దివంగతులైన విక్రమదేవవర్మ మహారాజు తెలుగు, ఒడియా భాషలు రెండింటను రచనలు చేసి సాహిత్యసమ్రాట్ అని ప్రఖ్యాతులైరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వారు ఏటేట లక్ష రూపాయల దానము ప్రకటించిరి. ఆ విశ్వవిద్యాలయపు విజ్ఞాన సాంకేతిక కళాశాల 'జయపుర విక్రమదేవ' నామమును ధరించినది. లక్ష రూపాయలు ఆనాడు ఒక మంచి రత్నహారపు వెల. ఒరిస్సాలో జమీందారీల రద్దు చట్టము వచ్చి 1952లో సంస్థానము ప్రభుత్వపరమైనది. రాజ్యము పోయినను ఆ దానము పోలేదు. ఆ కళాశాలలో చదివిన వేలాదిమంది రసాయన, భౌతిక, భూగర్భశాస్త్రజ్ఞులు ఆ హారమునందలి మణులు. సంస్థానపు కీర్తికి ఏ ఆభరణము విలువైనదో ఇచ్చట వేరుగ చెప్పనక్కరలేదు.

నేటి లెక్క

ఇక గృహస్థుని లెక్క. 22 కారట్ల నగయందు వేయింటికి 916 పాళ్ళు మేలిమి. 40 గ్రాముల నగను కొనునపుడు తరుగు, మజూరీల క్రింద నూటికి 15 చొప్పున లెక్కించిరనుకొందము. అప్పుడు 46 గ్రాముల ధర చెల్లింపవలెను. దానిపై 2017 నుండి అమలులోనున్న వస్తుసేవల పన్ను నూటికి 3 చేర్చినచో అది 47.38 గ్రాముల ధర యగును. మరునాడే అమ్మదలచినచో దొరకునది 40 గ్రాముల ధర, లేదా అంతకు తక్కువ. బంగారపు ధర నూటికి 18 కి పైగ పెరిగిననే కొన్నవానికి మొదలు దక్కును. రాళ్ళబరువును బంగారపు ధరకు కొన్నచో నష్టము ఇంకను ఎక్కువ. తాకట్టుపెట్టుకొను బ్యాంకులు రాళ్ళను తీసివేసి బంగారమునకే అప్పు నిచ్చును. పరిశోధనాలయములలో వజ్రములు తయారగుచున్న ఈ కాలమున చిన్నవజ్రముల పునర్విక్రయము మరింత సందేహాస్పదమైనది.

ధరల చరిత్రయు ఒకేరీతిగ లేదు. 10 గ్రాముల బంగారము 1950లో సుమారు 99 రూపాయలు. 1980లో సుమారు 1,330. 1990లో సుమారు 3,200. 2000లో సుమారు 4,400. 2010లో సుమారు 18,500. 2020లో సుమారు 48,000. 2000 నుండి 2010 వరకు నాలుగురెట్లు పెరిగిన బంగారమే 1990 నుండి 2000 వరకు మూడవవంతుకు కొంచెము మించి మాత్రమే పెరిగినది. ఆ పదేండ్లలో బ్యాంకు డిపాజిట్టు రెట్టింపును దాటియుండును. కావున బంగారము దీర్ఘకాలమున నిలుచును గాని, కోరినప్పుడెల్ల లాభమిచ్చునని చెప్పరాదు.

వన్నె విషయమున కొనువారికి ఇప్పుడు గీటురాయికంటె దృఢమైన ఆధారము లభించినది. భారత ప్రమాణసంస్థ 2000లో ప్రారంభించిన హాల్‌మార్కు ముద్ర 2021 జూన్ 16 నుండి తొలివిడతగ 256 జిల్లాలలో నిర్బంధమైనది. ప్రతినగకు వేరువేరుగ ఆరక్షరముల సంఖ్య యుండును. ఆ ముద్ర వన్నెకు సాక్ష్యము. మజూరీ న్యాయమైనదని అది చెప్పదు. ప్రసిద్ధ దుకాణపు పేరునకు, ప్రకటనలకు, అద్దాల మేడకు చెల్లించు సొమ్ము నగతో ఇంటికి రాదు.

అయినను పనితనమునకు వెచ్చించినదెల్ల వ్యర్థమనుట కూడ అన్యాయము. కటకపు వెండి తారకసి పనిలో లోహము స్వల్పము, శ్రమ అపారము. 2024లో దానికి భౌగోళికసూచిక గుర్తింపు లభించినది. శ్రీకాకుళము జిల్లా బూడితి ఇత్తడి కంచుపనియు ఇట్టి గుర్తింపు పొందినదే. ఇట్టి వస్తువును కరగించుట దానిని చంపుట. వానిని కొనువాడు ధనమును దాచుటలేదు. శిల్పిని పోషించుచున్నాడు, ఒక విద్యను నిలుపుచున్నాడు. అది తెలిసి కొనినచో ఆ వ్యయము తగినదే. ఆస్తి యనుకొని కొనినచో మోసపోవును.

ఉపసంహారము

ఈ సీమల చరిత్ర చెప్పునది సంగ్రహముగ ఇట్లున్నది. గట్టినగ, తగుమజూరీతో, చేతిలోని సొమ్ముతో కొనినది, తన వెలకు సరిపోవును. 1931 దానికి సాక్షి. రాళ్ళనగ, పేరుగల దుకాణపు విలాసనగ, తన వెలలో కొంతభాగమునకే సరిపోవును; మిగిలినది వేడుకకు చెల్లించిన మూల్యము. అప్పుతో కొనినది ఏ లోహముదైనను సరిపోదు. గోతి పద్ధతి దానికి సాక్షి. 'అప్పుచేసి పప్పుకూడు' అను సామెతను పెండ్లిసొమ్ములకు అన్వయించుకొనుట నేడు మరింత అవసరము. 1961లోనే వరకట్న నిషేధ చట్టము వచ్చినను, ఇన్ని తులములు పెట్టవలెనను నిర్బంధము ఒరిస్సాలోని తెలుగు సంసారములను విడువలేదు. ఆ నిర్బంధమున కొనిన బంగారము స్త్రీధనమను పేరుతో వచ్చినను స్త్రీకి స్వాతంత్ర్యము నీయదు. ఆ తులములలో సగము అమ్మాయి చదువునకు వినియోగించిన తలిదండ్రులు విక్రమదేవవర్మగారి లెక్కనే తమ యింటికి అన్వయించుకొన్నవారు.

కొరాపుట్ కొండలపై గదబవృద్ధ చెవినున్న ఇత్తడిచుట్టకు అంగడిలో వెల అత్యల్పము. ఆమెకు అది జాతి, జ్ఞాపకము, మర్యాద. ఆ విలువను తెలిసికొనకయే పట్టణపు పెండ్లిపందిరిలో తూకము వేసికొనుచు కూర్చున్నవారికి, వెల తెలియునేగాని విలువ యింకను తెలియవలసియున్నది.